మేని మచ్చలు: వెఱవదగినవి, వెఱవదగనివి

రేపల్లెలో మా యింటికి నాలుగిండ్ల యావల నొక కన్య కలదు. కుట్టుపని నేర్చి, ఇరుగుపొరుగువారికి రవికెలు కుట్టి తల్లికి చేదోడుగా నుండెడిది. ఆమె పెదవి కొసను పాలవంటి తెల్లని మచ్చ యొకటి పొడసూపి, ఏడాది తిరుగునప్పటికి కనుఱెప్పకును ప్రాకినది. అది మొదలు ఆమె కుట్టిన రవికెలు తొడుగుటకు కొందఱు జంకిరి. ఆమె యిచ్చిన మంచినీళ్లు కొందఱు త్రాగరైరి. కుదిరిన సంబంధ మొకటి మాటామంతీ లేకయే తప్పిపోయినది.

అదే కాలమున బాపట్లలో మా యత్తవారింట మా తోడికోడలి ముంజేతిమీద రాగిచాయగల మచ్చ యొకటి రెండేండ్లుగా నుండెను. దురద లేదు, నొప్పి లేదు. దానిని చూచి వెఱచినవారును లేరు. శోభి గాబోలునని మొదట ననినవారము మేమే. చేతికందిన లేపనమును వ్రాయుమని చెప్పినవారమును మేమే. పొడుగుచేతుల రవికె తొడిగికొన్నచో కనబడదు గదా యని సలహా యిచ్చినవారమును మేమే.

మొదటి మచ్చ బొల్లి. అది యొరుల కంటదు. ప్రాణమునకు హాని చేయదు. రెండవది కుష్ఠువు. అది రెండేండ్లు మా కన్నులయెదుటనే నరమును చెఱచుచుండెను. ఊరు వెఱవరాని దానికి వెఱచినది; వెఱవవలసిన దానిని మేము మాటుపఱచితిమి. మేము వైద్యులము గాము. బడిపంతులుగారి యిల్లాలమై, ఇంటనే తండ్రిగారియొద్ద కొన్ని కావ్యములును, వైద్యగ్రంథములలోని కొన్ని భాగములును చదువుకొన్నవారము. అయినను మా యింట జరిగిన పొరపాటు మఱియొక యింట జరుగకుండుటకై, వైద్యుల నడిగి తెలిసికొన్న సంగతులను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మేనిచాయ యెట్లేర్పడును?

పైచర్మపు టడుగువరుసలో మెలనోసైట్లను వర్ణకణములు కలవు. ఇవి మెలనిన్ అను రంగుపదార్థమును తయారుచేసి చుట్టునున్న కణములకు పంచును. పచ్చనివారికిని చామనచాయవారికిని ఈ వర్ణకణముల సంఖ్య యించుమించు సమానమే. అవి చేయు రంగుయొక్క పాలును, అది కణములలో పేరుకొను తీరును మాత్రమే వేఱు. మెలనిన్ ఎండనుండి మేనిని కాపాడును. వర్ణకణములు నశించినను, వాని పని మందగించినను తెల్లమచ్చ యేర్పడును. అవి మితిమీఱి పనిచేసినను, రంగు లోపలిపొరలోనికి దిగినను నల్లమచ్చ యేర్పడును.

కావున మచ్చ కనబడిన వెంటనే లేపనమునకై పరుగిడక మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఆచోట స్పర్శ యున్నదా? గోటితో మెల్లగా గీరిన పొట్టు రాలుచున్నదా? అది మేనిలో నే భాగమున, దేని తరువాత పుట్టినది? ఈ మూడింటికి బదులు దొరకినచో సగము భయము తీఱును, సగము ఉపేక్షయు తీఱును.

శోభి, పిల్లల చెక్కిళ్ల మచ్చలు

మన డెల్టా సీమలో వేసవి యుక్కయు, సముద్రపుగాలి చెమ్మయు మెండు. చెమట యారదు. ఇట్టిచోట శోభి విరివిగా కనబడును. పెద్దలు దీనినే సిబ్బెమనిరి. మెడ, ఱొమ్ము, వీపు, భుజములమీద తెల్లగానో, గోధుమవన్నెగానో చిన్న చిన్న మచ్చలై కలిసికొనును. గీరినచో సన్నని పొట్టు రాలును; చెమట పోసినపుడు కొంచెము దురద యుండవచ్చును; స్పర్శ మాత్రము చెడదు. దీనికి కారణము మలసేజియా యను బూజుజాతి సూక్ష్మజీవి. అది దాదాపు అందఱి చర్మముమీదను ఊరకయే యుండునదే. చెమటయు జిడ్డును దొరకినపుడు పెచ్చుపెరుగును. కావున శోభి గలవారిని దూరముగా నుంచ బనిలేదు, వారు శుభ్రత లేనివారని యెంచుటయు తప్పు.

కీటోకోనజోల్, సెలీనియం సల్ఫైడు వంటి మందులు కలిసిన ద్రవములను వైద్యుడు చెప్పినన్ని దినములు, చెప్పినంతసేపు పూసి కడిగినచో ఆ జీవి నశించును. ఇచ్చట నొక సంగతి గుర్తుంచుకొనవలెను. జీవి చచ్చినంతమాత్రమున తెలుపు పోదు. వర్ణకణములు మరల పనికి కుదురుకొనుటకు కొన్ని నెలలు పట్టును. చాలమంది యీ సంగతి యెఱుగక, మందు పనిచేయలేదని తలచి యంగడి యంగడికి తిరిగి మందులు మార్చుచుందురు. పొట్టు రాలుట మానినదా లేదా యని చూచుటయే కుదిరినదనుటకు గుఱుతు. ఉక్క కాలము తిరిగివచ్చినపుడు శోభియు తిరిగి రావచ్చును. అది మందు దోషము గాదు.

పసిపిల్లల చెక్కిళ్లమీద పాలిపోయిన గుండ్రని మచ్చలు కనబడుట గలదు. కడుపులో నులిపురుగులున్నవని మందు పోయుట, సున్నము తక్కువయైనదని మాత్రలు మ్రింగించుట మనయిండ్లలో వాడుక. ఆ మచ్చలకు పురుగులు కారణము గావు. అది పొడిచర్మముగల పిల్లలకు వచ్చు తేలికపాటి వాపు. ఎండలో చుట్టునున్న చర్మము నల్లబడినపుడు తెల్లగా తేలి కనబడును. కొబ్బరినూనెయో, వైద్యుడు చెప్పిన మెత్తని లేపనమో వ్రాసి, ఘాటైన సబ్బు మానిపించినచో నెమ్మదిగా సర్దుకొనును. నులిపురుగులమందు పిల్లలకు వేళప్రకారము ఇప్పించుట మంచిదే. ఈ మచ్చలకొఱకు మాత్రము గాదు.

అప్పుడే పుట్టిన బిడ్డ నడుముక్రిందను, పిఱుదులమీదను నీలిమచ్చ కనబడినచో ఎవరో కొట్టిరనియో, గ్రహణము పట్టినదనియో తల్లడిల్ల బనిలేదు. అది మన దేశపు శిశువులలో సాధారణమే. చాలమందికి బాల్యములోనే మాయమగును.

బొల్లి

బొల్లిమచ్చ పాలతెలుపు. అంచు స్పష్టముగా నుండును. పొట్టు రాలదు. స్పర్శ చక్కగా నుండును. ఆచోటి వెండ్రుకయు తెల్లబడవచ్చును. పెదవులు, కన్నులచుట్టు, వ్రేళ్లకొనలు, మోకాళ్లు, మోచేతులు దీనికి ముఖ్యస్థానములు. మన శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి వర్ణకణములను శత్రువులని యెంచి నశింపజేయుటచే ఇది కలుగును. లోకమున నూఱుమందిలో ఇంచుమించు ఒకరికి, లేదా ఇన్నూఱుమందిలో ఒకరికి ఇది యుండుననుట వైద్యుల లెక్క. ఏ జాతివారినిగాని, ఏ కులమువారినిగాని ఇది విడువదు. చామనచాయగల మన మేనిమీద స్ఫుటముగా కనబడుటచేత మనకు దుఃఖ మధికము.

పాలును చేపలును కలిపి తినుటచే బొల్లి వచ్చుననుమాట నిజాంపట్నము వైపున వినని యిల్లుండదు. అది నిజము గాదు. పులుపు తిన్నను రాదు, ఉప్పు మానినను పోదు. మచ్చగలవారి చేతివంట తిన్నను, వారి బట్ట కట్టినను, వారితో కాపురము చేసినను అంటదు. కొన్ని కుటుంబములలో ఒకరికంటె నెక్కువమందికి రావచ్చును. అయినను తల్లికున్నంతమాత్రమున బిడ్డకు వచ్చితీఱునని లేదు. బొల్లిగల కొందఱికి కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి పనియు చెడుట గలదు గావున, రక్తపరీక్ష చేయించుట మేలు.

దీనికి తెల్లకుష్ఠు అను పేరు పెట్టుటచే ఎంతటి యపకారము జరిగినది! మన ప్రాచీనులు దీనిని శ్విత్రమనియు కిలాసమనియు పిలిచిరి. కుష్ఠమను మాట వారికి పెక్కు చర్మరోగములకు ఉమ్మడిపేరు. నేడు మనము కుష్ఠువనునది యొకే క్రిమివలన గలుగు వ్యాధి. అంతేకాదు, కిలాసము చర్మమునందే యుండుననియు, స్రావము లేనిదనియు సుశ్రుతసంహితయే దానిని కుష్ఠమునుండి వేఱుచేసి చెప్పినది. గ్రంథములో నున్న యీ విభేదము లోకుల నాలుకమీదికి రాకపోయినది. పేరులోని పోలికను పట్టుకొని ఎందఱి కన్యల పెండ్లిండ్లు చెడగొట్టితిమో లెక్కింపజాలము.

చికిత్స విషయమున బావంచాల మాట చెప్పక తప్పదు. ఈ గింజలను నూఱి పూసి యెండలో కూర్చుండుట మన వైద్యమున పూర్వమునుండి వచ్చినదే. అందులో సత్యము గలదు. ఆ గింజలలోని సోరలెన్ అను పదార్థము చర్మమునకు ఎండసోకుడును హెచ్చించును. ఈజిప్టు దేశపు వైద్యుడు అబ్దుల్ మోనెం ఎల్ మోఫ్తీ మఱియొక మొక్కనుండి తీసిన యిట్టి పదార్థముతోనే బొల్లికి చికిత్స చేసి 1948లో ప్రకటించెను. అయినను మోతాదు తెలియక పచ్చిగింజల ముద్ద పూసి యెండలో కూర్చుండినవారికి బొబ్బలెక్కి, కాలిన పుండ్లై, ఆ పుండ్లచోటనే క్రొత్తమచ్చలు లేచుటయు గలదు. మందు మంచిదైనను కొలత లేనిది విషమగును.

నేడు ఇంతకంటె నిరపాయమైన మార్గములు గలవు. తొలిదశలో పూతమందులు, మచ్చలు వ్యాపించినచో 311 నానోమీటర్ల తరంగముగల అతినీలలోహిత కిరణములను వారమునకు రెండుమూడుసారులు సోకించుట, ఏడాదిపాటు మచ్చ కదలక నిలిచినచో వర్ణకణములను మంచి చర్మమునుండి తెచ్చి నాటుట. రక్షణశక్తి పొరపాటును అణచు రుక్సోలిటినిబ్ అను పూతమందును అమెరికా ప్రభుత్వము 2022లో అంగీకరించినది. ముఖమునకు ఫలితము త్వరగా కనబడును. వ్రేళ్లకొనలకును పెదవులకును ఆలస్యము. నెలలతరబడి ఓపిక పట్టవలసిన చికిత్స యిది. పదిదినములలో మాన్పెదమని గోడలమీద వ్రాయించువారి మాట నమ్మరాదు.

కుష్ఠువు

ఇక మా తోడికోడలి సంగతి. ఒకనాడు ఆమె పొయ్యిమీది గిన్నెను దింపుచుండగా చిటికెనవ్రేలి ప్రక్క కాలి బొబ్బ లేచినది. ఆమె కా సంగతి తెలియనే లేదు. అన్నము వడ్డించునపుడు మా యత్తగారు చూచి, "అదేమే అమ్మాయీ, చేయి కాలినదే!" యని యడిగిరి. అప్పుడుగూడ మాకు తోచలేదు. పిదప ఇంటింటికి వచ్చి పరీక్షించుచున్న ఆశా కార్యకర్త, "అక్కయ్యగారూ, ఆ చేయి యొకసారి చూపుడు" అని యడిగి, కన్నులు మూయించి కలము మొనతో మెల్లగా తాకినది. మచ్చమీద తాకినపుడు మా తోడికోడలు వ్రేలు చూపలేకపోయినది.

ఆ పరీక్ష యెవరైనను చేయదగినదే. ముందు మంచి చర్మముమీద దూదిపోగుతోనో, కలము మొనతోనో తాకి, తాకినచోటును వ్రేలితో చూపుమనవలెను. ఆ పిదప కన్నులు మూయించి, మచ్చమీదను బయటను మార్చి మార్చి తాకవలెను. సూదితో పొడుచుట, వేడి తగిలించుట కూడదు. పాలిపోయినదో, ఎఱ్ఱనిదో, రాగిచాయగలదో యైన మచ్చలో స్పర్శ తగ్గినచో, చెమట పోయకున్నచో, నూగువెండ్రుకలు రాలినచో, ఒక్కదినమైనను ఆగక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. స్పర్శ తెలియకుండుటయు, చెమట మాఱుటయు కుష్ఠమునకు ముందు గుఱుతులని చరకుడును వ్రాసినాడు. మేము ఆ భాగమును చదివియుండియు, ఇంటిలోని చేతిని చూడలేకపోతిమి.

ఈ వ్యాధికి కారణమైన క్రిమిని నార్వేదేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో కనుగొనెను. అది శాపము గాదు, పాపఫలము గాదు, వంశపారంపర్యము గాదు. మందు తినని రోగితో చిరకాలము దగ్గఱగా మెలగినపుడు ఊపిరి తుంపరలద్వారా సోకును. సోకినవారిలోను చాలమందికి సహజమైన ఓర్పుశక్తి యుండుటచే వ్యాధి రానే రాదు. వచ్చువారికిని సోకిన కొన్ని యేండ్లకు గాని బయటపడదు. మందు మొదలిడిన కొలదికాలములోనే ఇతరులకు సోకించు శక్తి పోవును. ఇంటివారికి ముందుజాగ్రత్తగా నొక మోతాదు రిఫాంపిసిన్ ఇచ్చు పద్ధతియు నేడు గలదు.

పూర్వము తువరకతైలము తప్ప వేఱు దిక్కు లేదు. 1940 తరువాత డాప్సోను జాతి మందులు వచ్చినవి. క్రిమి ఒక్కమందునకు అలవాటుపడుటచే, పలుమందులను కలిపి యిచ్చు విధానమును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో నిర్ణయించినది. తక్కువ మచ్చలుగలవారికి ఆఱునెలలు, ఎక్కువగలవారికి పండ్రెండునెలలు. ప్రభుత్వ వైద్యశాలలలో ఈ మందులు ఉచితము. తెనాలి ప్రాంతమున గ్రేటర్ తెనాలి లెప్రసీ ట్రీట్‌మెంట్ అండ్ ఎడ్యుకేషన్ స్కీం అను సంస్థ దీని చికిత్సకును ప్రబోధమునకును పాటుపడినది. పదివేలమందికి ఒక్కరికంటె తక్కువ రోగులుండు స్థితికి దేశము 2005 సంవత్సరాంతమునకు వచ్చినది. అంతటితో వ్యాధి పోయినదని యెంచరాదు. 2022-23లోనే దేశమున లక్షకు పైగా క్రొత్త రోగులు కనబడిరి.

మందులో నొకటి క్లోఫాజిమిన్. అది తిన్నవారి మేను కొన్నినెలలకు ఎఱుపుతో గూడిన నలుపు తిరుగును. రిఫాంపిసిన్ తిన్ననాడు మూత్రము ఎఱ్ఱబడును. ఈ రెండును హాని గావు. మా తోడికోడలి ముఖము నల్లబడినపుడు చూడవచ్చినవారు గుసగుసలాడిరి. ఆమె అద్దము చూచి యేడ్చి, మందు మానెదనన్నది. అప్పుడు డెబ్బదియేండ్ల మా యత్తగారు ప్రతినెలయు ఆ మాత్రల యట్టను తమ దిండుక్రింద పెట్టుకొని, ప్రతిదినమును తామే విప్పి యిచ్చుచు, "నలుపు నాలుగునాళ్లది, నరము నూఱేండ్లది" అని పండ్రెండు నెలలు మ్రింగించిరి. మందు ముగిసిన యేడాదికి మేనిచాయ తిరిగివచ్చినది. ఇంటిలో మఱెవరికిని వ్యాధి రాలేదు. చిటికెనవ్రేలు మాత్రము వంగినది వంగినట్లే యున్నది. నరము చెడిన తొలినెలలలో వచ్చియుండినచో దానిని గూడ నిలుపగలిగియుందుమని వైద్యులు చెప్పిరి. ఆ రెండేండ్లు మా సలహావలన పోయినవని తలచినపుడెల్ల మనస్సు కలుక్కుమనును.

నల్లమచ్చలు

మంగు స్త్రీలను విశేషముగా బాధించునది. చెక్కిళ్లు, నొసలు, పైపెదవిమీద గోధుమవన్నెతో రెండుప్రక్కల సమానముగా వ్యాపించును. గర్భవతులకును, సంతాననిరోధపు మాత్రలు వాడువారికిని, వరినాట్లు కలుపుతీతలలో ఎండనుండువారికిని ఎక్కువ. గర్భముతో వచ్చినది కాన్పు తరువాత కొన్నినెలలకు కొందఱికి తగ్గును. గొడుగు, తలమీద పైట, ఎండను నిలుపు లేపనము దీనికి మొదటి మందు. అవి లేక యెన్ని పూతలు పూసినను కడవకు చిల్లువంటిదే. హైడ్రోక్వినోన్ కలిసిన పూతను వైద్యుడు చెప్పిన కొలది నెలలు మాత్రమే వాడవలెను. ఏండ్లతరబడి వాడినచో చర్మము నీలినలుపు తిరిగి, అది పోగొట్టుట కష్టమగును.

తెనాలి నిమ్మకాయల యంగడి యెఱుగనివారు లేరు. చాయ తేలుటకై నిమ్మచెక్కతో ముఖము రుద్దుకొని పెరటిలో బట్టలారవేయు పిల్లలను మేము చూచితిమి. నిమ్మతొక్కలో బావంచాలలోని సోరలెనుకు చుట్టమైన పదార్థము గలదు. దానితో నెండకు పోయినచో చర్మము కమిలి, బొబ్బలెక్కి, నెలలతరబడి నల్లని చాఱలు నిలుచును. తెల్లబడుటకు చేసిన పని నల్లబఱచునన్నమాట. నిమ్మకాయ పప్పులోనికిని మజ్జిగలోనికిని మంచిది, ముఖమునకు పనికిరాదు.

నొసట బొట్టుపెట్టుచోట తెల్లమచ్చ వచ్చినచో, అంటించు బిళ్లబొట్టు జిగురును అనుమానింపవలెను. అందులో కలియు పారాటెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అను రసాయనము కొందఱి వర్ణకణములను చంపును. రబ్బరుచెప్పుల పట్టెలక్రిందను ఇట్లే జరుగుట గలదు. అట్టి బిళ్లను ఆనాడే మానవలెను. కుంకుమలో కలిపిన రంగులు పడక నొసలు నల్లబడువారును గలరు. పడని దానిని మానుట ఐదవతనమునకు కొఱత గాదు.

మెడవెనుకను, చంకలలోను నల్లగా మందముగా మఖమలువలె చర్మము మాఱినచో అది మురికి యని పీచుతో తోమరాదు. శరీరములో ఇన్సులిన్ సరిగా పనిచేయకుండుటకు అది గుఱుతు కావచ్చును. బొద్దుగానున్న పిల్లలకు ఇది కనబడినచో చక్కెరపరీక్ష చేయించి, తిండిని నడకను సరిదిద్దవలెను. పాలు పెరుగుగూడ చాలినంత లేని శాకాహారులకు వ్రేళ్ల కణుపులమీద నలుపు తేలి, నాలుక మంటపుట్టి, నీరసము కలిగినచో బి12 విటమిను లోపమేమో చూపించుకొనవలెను. మందు పడినచో ఆ నలుపు విడిపోవును.

పసుపుచాయకు గూడ నొక మాట. కన్నుల తెలుపు పచ్చబడినచో కామెర్లు; వైద్యునికి చూపవలెను. కన్నులు తెల్లగానే యుండి అరచేతులు మాత్రము పచ్చబడినచో గాజరులు, బొప్పాయి మితిమీఱి తినుటవలన గావచ్చును.

తెలుపు చేయు లేపనములు

అంగడిలో అడిగినంతనే యిచ్చు కొన్ని పూతలలో ఘాటైన స్టిరాయిడు కలిసియుండును. పూసిన వారమునకు ముఖము తేటపడును. అక్కడనే మోసపోవుదుము. కొన్నినెలలకు చర్మము పలుచబడి, ఎఱ్ఱని నరములు తేలి, మొటిమలు లేచి, నూగువెండ్రుకలు మొలచును. మానినచో మంట. తామరకు దీనిని పూసినచో దురద తాత్కాలికముగా తగ్గి, తామర లోలోన విస్తరించి మొండికెత్తును. ఇట్టి పదునాలుగు స్టిరాయిడు పూతలను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని కేంద్రప్రభుత్వము 2018లో కట్టడి చేసినది. కట్టడి కాగితముమీద నున్నది; దానిని నిలుపవలసినది కొనెడి చేయి. పేరూరూ లేని మఱికొన్ని తెల్లపూతలలో పాదరసము కలియును. అది మూత్రపిండములను చెఱచును. 2023లో కేరళలోని మలప్పురము ప్రాంతమున ఇట్టి పూతలు వాడినవారికి మూత్రపిండముల వ్యాధి వచ్చినట్లు వైద్యులు బయటపెట్టిరి. బిడ్డ నల్లగానున్నదని తల్లియే యిట్టి డబ్బాను కొనిపెట్టుట చూచినపుడు, మేనిచాయ రోగము గాదని బిగ్గఱగా చెప్పవలెననిపించును.

ఎచ్చటికి పోవలెను?

మన మూడూళ్లలోను ప్రభుత్వ వైద్యశాలలు గలవు. అచ్చట తేలనిచో గుంటూరు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చర్మవ్యాధుల విభాగము గలదు. రేపల్లెనుండి తెనాలి మీదుగా రైలుననే పోవచ్చును. పోవునపుడు పూసిన మందుల డబ్బాలన్నియు వెంట తీసికొనిపోవలెను. ముఖమునకు పొడి, మచ్చకు రంగు పూసికొని పోరాదు. పుట్టుమచ్చ హఠాత్తుగా పెరిగినను, రంగు మాఱినను, రక్తము స్రవించినను ఆలస్యము చేయరాదు.

న్యాయము సంగతియు స్త్రీలెఱుగవలెను. కుష్ఠువు వచ్చినదన్న కారణముచే వివాహము రద్దుచేసికొనుటకు మన చట్టములలో పూర్వము దారి యుండెను. 2019లో చేసిన సవరణ చట్టముచే హిందూవివాహచట్టము మొదలైన అయిదు చట్టములనుండి ఆ కారణమును తొలగించిరి. కుష్ఠరోగులను నిర్బంధించుటకు 1898లో తెల్లదొరలు చేసిన చట్టమును 2016లో రద్దుచేసిరి. సేవాగ్రామములో కుష్ఠువు సోకిన సంస్కృతపండితుడు పర్చురేశాస్త్రిగారి పుండ్లను గాంధీమహాత్ముడు స్వయముగా కడిగెనన్న సంగతి మన పిల్లలు చదువుచున్నారు. చట్టము మాఱినది, మందు వచ్చినది. గడపలోపలి మాట మాత్రము మన చేతిలోనిది.

రేపల్లె కన్య యిప్పుడు వారమునకు రెండుసారులు తల్లితో గుంటూరు పోయి కిరణచికిత్స చేయించుకొనుచున్నది. కనుఱెప్పమీద చుక్కలు చుక్కలుగా చాయ తిరుగుచున్నది. పెదవిమీద నింకను లేదు. వచ్చునో రాదో వైద్యులు మాట యీయలేదు. మొన్న మా చిన్నదాని పట్టుపరికిణికి రవికె నామెకే కుట్టనిచ్చితిమి. కొలతలు తీసికొన్న పిదప ఆమె యిచ్చిన మంచినీళ్లు త్రాగి, నలుగురు చూచుచుండగనే అరుగుమీద కూర్చుండి కొంతసేపు మాటలాడి వచ్చితిమి. ఆ తరువాత ఎదురింటి పిన్నిగారును తమ కోడలి రవికెగుడ్డలు పంపినారని వినుచున్నాము.

సోదరీమణులారా! ఈ వారము పిల్లలకు తలంటుపోయునాడు వారి వీపులు, చేతులు వెలుతురున నొకసారి పరికింపుడు. మీ యత్తగార్లవియు, తోడికోడండ్రవియు, మీవియు చూచుకొనుడు. మచ్చ కనబడినచో దూదిపోగుతో తాకి చూడుడు. స్పర్శ లేనిచో మఱునాటి యుదయమే వైద్యశాలకు బయలుదేరుడు. స్పర్శ యున్నచో నెమ్మదిగా కారణము వెదకుడు. మచ్చను దాచుటకు పొడుగుచేతుల రవికె కుట్టించుమని మాత్రము ఎవరికిని చెప్పకుడు. ఆ మాట చెప్పి మేము పడుచున్న బాధ మీకు వలదు.